యంత్రమునకు నామకరణము



నామకరణ మనఁగానే పళ్లెరములోఁ బఱచిన బియ్యమును, అందు తండ్రి యుంగరముతో వ్రాయు నక్షరములును మనకు జ్ఞప్తికి వచ్చును. నేఁడు నేను చెప్పఁబూనినది శిశువునకు జరుగు నామకరణము గాదు. యంత్రమునకు జరుగు నామకరణము. అఱచేతిలో నిముడు చిన్న కంప్యూటరు బోర్డునకు, ఎన్నిమాఱు లార్పి వెలిగించినను మాఱని చిరునామా నిచ్చు టెట్లు, ఈయనిచో వచ్చు చిక్కు లెట్టివి యనునదియే విషయము. సంధులును సమాసములును జెప్పుకొని బ్రతికిన యీ ముసలి పంతులున కీ గొడవ యేల యని మీ రడుగవచ్చును. ఒక యంత్రము పేరు తప్పుగా నుండుటచేత నొక నిరపరాధియగు బాలుఁడు నా నోట నింద పడెను. ఆ తప్పు దిద్దుకొనుటకై దీని నేర్చుకొంటిని.

మా యూరి గ్రంథాలయమున బాలురు చదువుకొనుటకై దాత లొకరు మూఁడు చిన్న బోర్డులను, మూఁడు తెరలను గొనియిచ్చిరి. అమ్మినవారు వచ్చి, తీగలు తగిలించి, పని చేయించి చూపి పోయిరి. ఒక్క బోర్డు వెలిగియున్నంతవఱకు నంతయు సవ్యముగా నుండెడిది. రెండవదానియెదుట నొకఁడు కూర్చుండఁగానే మొదటివాఁడు చదువుచున్న పుట నిలిచిపోయెడిది. కొంతసేపటి కది కదలును, ఇది నిలుచును. మూఁడవది కూడ వెలిగినచో నేదియు నడవదు. ఏడవ తరగతి చదువు బాలుఁ డొకఁడు, పాలకేంద్రమునకుఁ బాలు పోసి వచ్చువాఁ డగుటచేత, ప్రతిదినమును రెండవవాఁడుగా వచ్చి కూర్చుండెడివాఁడు. “వీఁడు వచ్చినప్పుడే చెడిపోతోంది, వీఁడే తీగ లాగుతున్నాఁడు” అని తోడివారనిరి. నేనును నమ్మితిని. అందఱియెదుటను వానిని మందలించితిని. వాఁడు తల వంచుకొని పోయి మరల గ్రంథాలయమునకు రాలేదు.

పది దినములైన పిమ్మట నాయొద్దఁ బూర్వము చదువుకొని, యిప్పుడు ఎలక్ట్రానిక్సు ఇంజనీరుగా నున్న శిష్యుఁడు దసరా సెలవులకు వచ్చెను. మూఁడు బోర్డులను వేఱువేఱుగా వెలిగించి, ఏవో యంకెలు కాగితముమీఁద వ్రాసికొని, నవ్వి, “మాస్టారూ, తప్పు పిల్లవాడిది కాదండీ. మూడింటికీ ఒకటే పేరు పెట్టారు” అనెను. “యంత్రానికి పేరేమిటి నాయనా?” అంటిని. అతఁడు చెప్పినదానిని, అటుపిమ్మట నేను చదివి తెలిసికొన్నదానిని మీకు విన్నవించుచున్నాను.

నెట్వర్కులోఁ జేరిన ప్రతి కంప్యూటరునకును రెండు చిరునామా లుండును. ఒకటి ఐపీ చిరునామా. అది అద్దెయింటి నెంబరువంటిది. ఇల్లు మాఱినచో మాఱును. రెండవది మ్యాక్ చిరునామా. అది పుట్టినప్పుడు పెట్టిన పేరువంటిది. ఏ యింటికిఁ బోయినను మనిషివెంట వచ్చును. ఒకే తీగల కూడలిలో నున్న యంత్రములు ఒకదాని నొకటి పిలుచుకొనునది యీ పేరుతోడనే. ఐపీ చిరునామా తెలిసి పేరు తెలియనప్పుడు, “ఈ నెంబరింటివా రెవరు?” అని యంత్ర మొక కేక వేయును, ఆ యింటిది తన పేరు చెప్పును. ఈ పద్ధతికి ఏఆర్పీ యని పేరు. 1982లో దీని నియమములు గ్రంథస్థమైనవి.

ఈ పేర్ల చరిత్రము స్వల్పము. 1973లో అమెరికాలోని జిరాక్సు వారి పాలో ఆల్టో పరిశోధనాలయమున రాబర్టు మెట్కాఫ్, డేవిడ్ బాగ్స్ మొదలగువారు ఈథర్నెట్టును గల్పించినప్పుడు చిరునామాకు 8 బిట్లు మాత్రమే యుంచిరి. 8 బిట్లతో 256కు మించి పేర్లు రావు. ఒక కార్యాలయమున కది చాలును, లోకమునకుఁ జాలదు. 1980లో డిజిటల్, ఇంటెల్, జిరాక్సు సంస్థలు మూఁడును గలసి ప్రకటించిన నియమావళిలో చిరునామా 48 బిట్లకుఁ బెరిగెను. నేఁటికి నదియే నడచుచున్నది. 48 బిట్లతో నగు పేర్లు సుమారు 2 కోట్ల 81 లక్షల కోట్లు.

ఈ 48 బిట్లను 12 అంకెలుగా, రెండేసి యంకెల జంటలు ఆఱుగా వ్రాయుదురు. ఆ యంకెలు పదింటి లెక్కవి కావు, పదునాఱింటి లెక్కవి. ఇది మా తరమువారికిఁ గ్రొత్త గాదు. 1957లో నయాపైసలు వచ్చువఱకు రూపాయకుఁ బదునాఱణాలు గదా! పదునైదణాల వఱకు నణాలే. పదునాఱవ యణా చేరఁగానే రూపాయ. ఇక్కడను నట్లే. తొమ్మిదివఱకు మన యంకెలే. పది మొదలు పదునైదువఱకు ఏ, బీ, సీ, డీ, ఈ, ఎఫ్ అను నక్షరములు. ఒక జంటలో మొదటి యంకె రూపాయలు, రెండవది యణాలు. మిక్కిలి పెద్ద జంట ఎఫ్ఎఫ్. అనఁగా 15 రూపాయల 15 అణాలు, మొత్తము 255 అణాలు.

మఱియొక సొగసు గలదు. మన తెలుఁగువారి పేర్లలో నింటిపేరు ముందు, సొంతపేరు తరువాత. మ్యాక్ చిరునామాయు నట్టిదే. మొదటి మూఁడు జంటలు యంత్రమును జేసిన సంస్థ యింటిపేరు. కడపటి మూఁడు జంటలు ఆ యంత్రము సొంతపేరు. ఇంటిపేర్లను ఐఈఈఈ యను సంస్థ రుసుము పుచ్చుకొని పంచిపెట్టును. ఉదాహరణమునకు బీ8-27-ఈబీ యనునది రాస్ప్బెరీ పై ఫౌండేషనువారి యింటిపేరు. ఒక్కొక యింటిపేరు క్రింద 1 కోటి 67 లక్షల 77 వేల 216 సొంతపేర్లు వచ్చును. ఇంటిపేర్లను ఒకఁడే పంచుటచేతను, సొంతపేర్లను ఆ సంస్థ తిరిగి వాడకుండుటచేతను, లోకములో నే రెండు యంత్రములకును నొక పేరు రాదని యేర్పాటు.

ఇఁక నా బోర్డులకు వచ్చిన రోగమును జూతము. కూడలిలో నుండు స్విచ్చి తపాలా కచ్చేరిలో జాబులు విడఁగొట్టు గుమాస్తావంటిది. ఏ పేరుగల యంత్రము ఏ రంధ్రముగుండఁ బలికినదో యది పట్టికలో వ్రాసికొని, ఆ పేరిట వచ్చిన జాబు నా రంధ్రములోనికే పంపును. రెండు యంత్రములకు నొకే పేరున్నచో గుమాస్తా యేమి చేయును? మొదటిది పలికినప్పు డా రంధ్రమును వ్రాసికొనును. మఱుక్షణమున రెండవది పలుకఁగా దానిఁ గొట్టివేసి యీ రంధ్రమును వ్రాసికొనును. ఒకదాని జాబు మఱొకదానికిఁ బోవును. అంతేకాదు; ఐపీ చిరునామాలను బంచు డీహెచ్‌సీపీ సేవకుఁడు కూడఁ బేరు చూచియే యిల్లు చూపును గావున రెంటికి నొకే యిల్లు చూపును. మా బోర్డులకు నట్లే జరిగెను. అమ్మినవా రొక బోర్డు కార్డును సిద్ధము చేసి, దాని ప్రతులనే తక్కిన రెండింటిలోఁ బెట్టిరి. మొదటి బోర్డు పేరు ఆ కార్డులోనే వ్రాయఁబడి యుండుటచేత మూఁడింటికి నదియే పేరయ్యెను.

పేరు కార్డులో నేల యుండవలె నందురేమో! పెద్ద కంప్యూటర్లలో నెట్వర్కు కార్డును జేసినవాఁడే దానిలోని చిన్న జ్ఞాపకపుగదిలోఁ బేరు వ్రాసి పంపును. చిన్న బోర్డులలో నెట్వర్కు భాగము ప్రధానమైన చిప్పులోనే యిమిడియుండును. ఆ చిప్పులో పేరు వ్రాయుట కొన్నిట జరుగును, కొన్నిట జరుగదు. జరుగనిచోట బోర్డు చేసినవాఁడు పేరు కొని వ్రాయవలయును. వ్రాయక విడుచువారును గలరు. అట్లు పేరు లేని బోర్డున కనేక సందర్భములలో లినక్సు తానే యొక పేరు దొరికినట్లు పెట్టును. ఆర్పి వెలిగించినప్పుడెల్ల క్రొత్త పేరు. డీహెచ్‌సీపీ సేవకుఁడు ప్రతిమాఱును గ్రొత్త చుట్టము వచ్చినాఁడనుకొని క్రొత్త గది యిచ్చును. ఈ పేరువానికి నీ గది యని ముందుగాఁ గేటాయించి యుంచినను ఫలము లేదు. ఒకే పేరు పలువురకుండుట యొక రోగము. ఒకనికిఁ బూటకొక పేరుండుట మఱియొక రోగము. రెంటికిని మందు స్థిరనామమే.

మందు చెప్పుటకు ముందు ఒక పథ్యము చెప్పవలెను. కొన్న యింటిపేరు లేనివారు స్వయముగాఁ బేరు గల్పించుకొనవచ్చును. కాని నియమమును బాటించి. ఒక్కొక యంకెను 8, 4, 2, 1 అను నాలుగు తూనికరాళ్లతోఁ దూచెదమనుకొనుఁడు. 9 కావలెనన్న 8, 1 రాళ్లు. 7 కావలెనన్న 4, 2, 1 రాళ్లు. చిరునామాలో నెడమనుండి రెండవ యంకెను మాత్రము చూడుఁడు. అందులో 1 రాయి యున్నచో నది యొక యంత్రము పేరు గాదు, గుంపు పేరు, యంత్రమునకుఁ బనికిరాదు. 2 రాయి యున్నచో నది కొన్న పేరు గాదు, ఇంటిలోఁ బెట్టుకొన్న ముద్దుపేరు. కావున మనము పెట్టు పేరులో 1 రాయి యుండరాదు, 2 రాయి యుండవలెను. తక్కిన 8, 4 రాళ్లు మన యిష్టము. ఈ లెక్కను రెండవ యంకె 2 గాని, 6 గాని, ఏ గాని, ఈ గాని కావలయును. 02తో మొదలిడుట యందఱకును సులభము. ఇట్టి ముద్దుపేరు మన కూడలిలో వేఱొకదానికి లేకున్నఁ జాలును. ఏలయన మ్యాక్ చిరునామా రౌటరును దాఁటి యావలికిఁ బోదు. మన యూరి రామయ్యకును బొరుగూరి రామయ్యకును దగవు లేదు గదా!

ఇఁక వ్రాఁత. నా చిన్ననాఁడు వ్రాఁతకు మూఁడు సాధనములు చూచితిని: పలక, కాగితము, తాటియాకు. బోర్డునకుఁ బేరు వ్రాయు పద్ధతులును మూఁడే. ఆ మూఁటికిని సరిగా సరిపోవును.

మొదటిది పలకమీఁది వ్రాఁత. లినక్సు నడచుచుండఁగా “ఐపీ లింక్ సెట్” అను నాజ్ఞతోఁ బేరు మార్చవచ్చును. తడిగుడ్డ తగిలిన పలకవలె, విద్యుత్తు పోఁగానే యా పేరు తుడిచిపెట్టుకొని పోవును. ప్రతిమాఱును మేలుకొనఁగానే యీ పేరు పెట్టుమని సిస్టమ్‌డీకి నొక చిన్న యుత్తరువు వ్రాసియుంచవచ్చును. అది ప్రతిదినమును బంతులు వచ్చి పలకమీఁద మరల వ్రాయుటవంటిది. లోప మేమనఁగా, పంతులు రాకముందే బోర్డు నెట్వర్కుతో మాటలాడవలసివచ్చినచోఁ బాత పేరుతోడనే మాటలాడును. పరీక్షకు మంచిది, స్థిరత్వమునకుఁ జాలదు.

రెండవది కాగితముమీఁది వ్రాఁత. లినక్సుకంటె ముందు మేలుకొని దానిని లేపునది యొకటి గలదు. పెక్కు బోర్డులలో దానిపేరు యూ-బూట్. దానికి సొంతముగా నొక చిట్టాపుస్తక ముండును. అందులో “ఈథ్ఆడర్” అను పద్దుక్రిందఁ బేరు వ్రాసి, “సేవ్ఎన్వ్” అని చెప్పినచో నది కార్డులోనో ఫ్లాషులోనో నిలిచిపోవును. వెలిగించినప్పుడెల్ల యూ-బూట్ ఆ పేరు చదివి, లినక్సునకు నందించు డివైస్ ట్రీ యను పట్టికలో నెట్వర్కు వరుసలో వ్రాసి యిచ్చును. లినక్సు దానిని స్వీకరించును. ఇచ్చట రెండు సంగతులు మఱవరాదు. ఒకటి, యూ-బూట్ సాధారణముగా నీ పద్దును నొకమాఱు వ్రాసిన పిదప మాఱు వ్రాయనీయదు. చిట్టాను మొదటి స్థితికిఁ దెచ్చి, పిదప వ్రాయవలెను. రెండవది, కార్డును నకలు తీసినచోఁ జిట్టాయు నకలగును. మా గ్రంథాలయమున జరిగినది సరిగా నిదియే.

మూఁడవది తాటియాకుమీఁద గంటపు వ్రాఁత. కొన్ని చిప్పులలో ఫ్యూజులను సూక్ష్మమైన గదులుండును. మొదట నన్నియు సున్నలు. విద్యుత్తుతోఁ గాల్చినగది ఒకటి యగును. మరల నెన్నఁడును సున్న గానేరదు. గంటముతో గీసిన గీఁతకు మఱియొక గీఁత చేర్చవచ్చునే కాని గీసినదానిఁ దుడువరాదు. మన తూనికరాళ్ల లెక్కలోఁ జెప్పినచో, తక్కెడలో రాయి వేయవచ్చును, తీయరాదు. 8 అని కాల్చినదానిని 1 రాయి చేర్చి 9 చేయవచ్చును. 7 అని కాల్చినదానిని 8 చేయఁబోయినచో 4, 2, 1 రాళ్లు దిగవు గావున నది 15 అగును. పొరపాటునకుఁ బ్రాయశ్చిత్తము లేదు.

ఎన్ఎక్స్‌పీ వారి ఐ.ఎమ్ఎక్స్ 6 జాతి చిప్పు నుదాహరణముగాఁ జూతము. ఇందు ఫ్యూజుల నాలుగవ వరుసలో 2వ యర, 3వ యర పేరునకు నిర్ణయింపఁబడినవి. పండ్రెండంకెలలోఁ గడపటి యెనిమిది 2వ యరలోను, మొదటి నాలుగు 3వ యరలోను జేరవలెను. పేరు 02-00-00-00-00-01 అయినచో 3వ యరలో 0200, 2వ యరలో 00000001. ఈ యరలను దాఱుమాఱు చేయుటయే తఱచుగా జరుగు పొరపాటు. యూ-బూట్‌లో “ఫ్యూజ్” అను నాజ్ఞకు నాలుగు పను లున్నవి: చదువుట, ఫ్యూజుమీఁద స్వయముగాఁ బరిశీలించుట, కాల్చుట, కాల్చకుండ నీడవ్రాఁత వ్రాయుట. ఈ కడపటిదానికి “ఓవర్‌రైడ్” అని పేరు. వివేకి యగువాఁడు ముందు చదివి, గదులు సున్నలుగా నున్నవని చూచుకొని, నీడవ్రాఁత వ్రాసి పేరు సరిగా వచ్చినదో లేదో చూచి, పిమ్మటనే కాల్చును. పలకమీఁద దిద్దనిది తాటియాకుమీఁద వ్రాయరాదని మా గురువులు చెప్పెడివారు. కాల్చిన పిదప తాళపు బిట్టును గూడఁ గాల్చినచో నిఁక నెవ్వఁడు నందు రాయి చేర్చలేఁడు.

గంటము పట్టుకొనుటకు జంకువారికి వేఱొక మార్గము గలదు. మైక్రోచిప్ వారు 24ఏఏ02ఈ48 అను చిన్న జ్ఞాపకపు చిప్పును జేయుదురు. అందు లోకములో మఱొకదానికి లేని చిరునామా ముందే వ్రాయఁబడి, మార్చుటకు వీలులేకుండ నుండును. బోర్డు చేయువాఁడు దీనిఁ గొని యతికించి, యందుండి పేరు చదువుకొనునట్లు చేసినఁ జాలును.

ఇచ్చట నొక చిత్రము వినుఁడు. శిలాశాసనమువంటి ఫ్యూజులో నొక పేరు, కాగితమువంటి చిట్టాలో మఱొక పే రున్నచో యూ-బూట్ దేనిని మన్నించును? చిట్టానే. రెండును గలియలేదని యొక హెచ్చరిక చూపి, చిట్టాలోని పేరునే వాడును. కావున ఫ్యూజులలో మంచి పేరున్నను, నకలు కార్డులోని పాతపద్దు దానిని గప్పివేయఁగలదు. ఫ్యూజు కాల్చినంతమాత్రమున నిశ్చింతగా నుండరాదు; చిట్టాలో నా పద్దు లేకుండఁ జూచుకొనవలెను.

మఱి స్థిరనామ మంత మంచిదైనచో సెల్‌ఫోనులు పేర్లు మార్చుకొనుచున్న వేల? 2020లో వెలువడిన ఐఓఎస్ 14 మొదలు ఐఫోనులు ఒక్కొక వైఫైకి నొక్కొక పేరు చెప్పుచున్నవి. పరుల కూడలులలోఁ దిరుగువాని జాడ నితరులు పట్టకుండుటకై చేసిన యేర్పా టది. బాటసారికి మాఱుపేరు రక్షణ. గృహస్థునకు స్థిరనామము రక్షణ. ఒకచోట నుండి పలువురకుఁ బని చేయు బోర్డు గృహస్థువంటిది.

మా శిష్యుఁడు మూఁడు బోర్డులకును రెండవ పద్ధతినే యవలంబించెను. ఫ్యూజులు కాల్చవేమి యని యడిగితిని. “మనం పెట్టేవి ఇంటిపేర్లు కొన్న పేర్లు కావండీ, ముద్దుపేర్లు. రేపు బోర్డు ఇంకో ఊరికి వెళ్తే మార్చుకోవలసి రావచ్చు. మార్చుకొనేదాన్ని రాతిమీద చెక్కకూడదు గదా మాస్టారూ” అనెను. ప్రతి కార్డులోను బాత చిట్టాను దుడిచి, మొదటిదానికి 02-00-00-00-00-01 అని, తక్కిన రెంటికిఁ గడపట 02, 03 అని పేర్లు పెట్టి, చేర్చి దాఁచి, తీగ లూడఁదీసి, మరల వెలిగించి, మూఁడేసి మాఱులు పేరు చదివి చూచితిమి. పేర్లను గ్రంథాలయపు రిజిస్టరులో వ్రాసి, బోర్డులమీఁదఁ జీటీ లంటించితిమి. క్రొత్త కార్డు నకలు తీయువాఁడు ముందుగా నీ పద్దును దుడువవలెనని యా పుటలోనే యెఱ్ఱసిరాతో వ్రాసితిని.

ఆ సాయంకాలము నేనా బాలుని యింటికిఁ బోయితిని. వాఁడు దూడను గట్టుచుండెను. “తప్పు నాది, బాబూ. నువ్వు తీగ లాగలేదు. మూడు బోర్డులకూ ఒకే పేరుండటంవల్ల అలా అయింది” అంటిని. వాఁడు కొంతసేపు మాటలాడలేదు. వాని తల్లి, “పంతులుగారు ఇంటికొచ్చి చెప్తున్నారు, మాట్లాడరా” అనెను. అప్పుడు వాఁడు, “మరి నా బోర్డు పేరేంటండీ?” అని యడిగెను. చెప్పితిని. మఱునాఁడు వచ్చి, చీటీ చదివి, తెరమీఁది పేరుతో సరిచూచికొని కూర్చుండెను. నేఁడు రిజిస్టరులో పేర్లు తనిఖీచేయుపని వానిదే.

శ్రోతలారా! మీ పాఠశాలలోనో, గ్రంథాలయములోనో యిట్టి బోర్డు లుండి, ఒకటి పనిచేయఁగా మఱొకటి నిలిచిపోవుచున్నచో, తీగను గాని బాలుని గాని యనుమానించుటకు ముందు ప్రతిదాని మ్యాక్ చిరునామాను కాగితముమీఁద వ్రాసి పోల్చి చూడుఁడు. రెండవ యంకెలో 2 రాయి యున్నదో లేదో చూచి యది కొన్న పేరో, పెట్టుకొన్న పేరో తెలిసికొనుఁడు. ఆర్పి వెలిగించి, పేరు నిలిచినదో లేదో చూడుఁడు. ఇందుకుఁ బట్టుకాలము పావుగంట. నే నా పావుగంట వెచ్చింపక యొక పిల్లవానిని పది దినములు చదువునకు దూరము చేసితిని. మీరట్లు చేయకుందురు గాక!

స్వస్తి.